మా బాపుకు ఎన్ని దేశాలు?

పోయిన సెమ్ మొదట్లో మన క్యాంటీన్ పక్క కారిడార్‌లో గోడ నిండా ఒక ప్రపంచ పటం పెట్టారు, గుర్తుందా? మన ట్రావెల్ క్లబ్ వాళ్ల పని అది. పక్కన డబ్బాలో ఎర్ర పిన్నులు. చూసొచ్చిన దేశం మీద ఒక పిన్ను గుచ్చాలి. కింద రిజిస్టర్‌లో పేరు, బ్రాంచి, ఆ పక్కన ‘ముప్పై ఏళ్లలోపు ఎన్ని దేశాలు చూడాలనుకుంటున్నావు?’ అన్న చోట ఒక అంకె రాయాలి. థాయ్‌లాండ్ మీద నాలుగు పిన్నులు, సింగపూర్ మీద మూడు, దుబాయ్ మీద రెండు పడ్డాయి. టార్గెట్ కాలమ్‌లో 25, 40 లాంటి అంకెలు. ఒకరైతే ఏకంగా 100 రాశారు.

నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను. టేబుల్ దగ్గర కూర్చున్న సీనియర్ అక్క మంచిగానే అడిగింది. “ఎక్కడికైనా వెళ్లొచ్చావా?” లేదక్కా అన్నాను. “పోనీ మీ ఇంట్లో ఎవరైనా ఫారిన్ చూశారా?” లేదక్కా అన్నాను మళ్లీ.

రెండోది అబద్ధం. మా బాపు పదమూడేళ్లు దుబాయ్‌లో ఉండొచ్చాడు. అక్క నన్నేం అనలేదు, ఎవరూ నవ్వలేదు. అయినా నోట్లోంచి ఆ మాట ఎందుకు రాలేదో ఆ రాత్రి హాస్టల్‌లో చాలాసేపు ఆలోచించాను. ‘ఫారిన్ చూడటం’ వేరు, ‘దుబాయ్ పోవడం’ వేరు అని నా తలలో ఎప్పుడో రెండు డబ్బాలు తయారైపోయాయి. మా జగిత్యాల వైపు ఊళ్లలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. వాళ్లను ‘దుబాయ్ పోయిండు’ అంటాం, ‘మస్కట్ పోయిండు’ అంటాం. ‘విదేశీ యాత్ర చేసిండు’ అని ఎవరి గురించీ అనగా నేను వినలేదు.

ఈ దేశాల లెక్క అసలు ఎక్కడ మొదలైందా అని వెతికితే ఒక క్లబ్ దొరికింది. పేరు ట్రావెలర్స్ సెంచరీ క్లబ్. 1954లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో పెట్టారు. క్రికెట్‌లో లాగే ఇక్కడా సెంచరీ కొట్టాలి. వంద దేశాలు తిరిగినవాళ్లకే పూర్తి సభ్యత్వం. 150 దాటితే వెండి, 200 దాటితే బంగారం, 250కి ప్లాటినం, 300కి వజ్రం స్థాయి. ఐక్యరాజ్యసమితిలో ఉన్నవే 193 దేశాలు కదా, 300 ఎక్కడివి అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది.

కిటుకు వాళ్ల జాబితాలో ఉంది. అందులో 330 దాకా పేర్లున్నాయి. ప్రధాన భూభాగానికి దూరంగా ఉన్నా, పాలనలోనో సంస్కృతిలోనో బాగా వేరుగా ఉన్నా దాన్ని విడిగా లెక్కిస్తారు. అలాస్కా ఒకటి, హవాయి ఒకటి. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ వేర్వేరు. టర్కీని రెండు చేశారు, యూరప్ వైపు ఒకటి, ఆసియా వైపు ఒకటి. ఇస్తాంబుల్‌లో పడవెక్కి అవతలి ఒడ్డున దిగితే లెక్క ఒకటి పెరిగినట్టే. మన అండమాన్ నికోబార్ ఒకటి, లక్షద్వీప్ ఇంకొకటి. ఇంకా తమాషా ఏంటంటే, ఎంతసేపు ఉన్నావన్నది వాళ్లు అడగరు. ఓడ రేవులో ఆగినా, పెట్రోలు పోయించుకోవడానికి విమానం దిగినా ఆ చోటు చూసినట్టే లెక్క.

ఇది చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత వాళ్ల మీద గౌరవమే కలిగింది. ఎందుకంటే వాళ్లు దాచలేదు. ఇది ఆట, ఇవీ రూల్స్ అని పైకే చెప్పారు. ఆటలో బౌండరీ ఎక్కడ గీయాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. లెక్కపెట్టేవాళ్లంతా డాంబికులు అనే వ్యాసాలు చాలానే ఉంటాయి. నేను ఆ జట్టులో లేను. చిన్నప్పుడు బస్సు టికెట్లు, అగ్గిపెట్టెల అట్టలు దాచుకున్నవాళ్లకు లెక్కలో ఉన్న సరదా తెలుసు. వంద అన్న అంకె లేకపోతే పటంలో ఒక మూల ఉన్న కిరిబాటి పేరు కొందరు జన్మలో వినరు.

కానీ ఆ జాబితాను కిందికి జరుపుతుంటే ఒకచోట నా వేలు ఆగిపోయింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను వాళ్లు ఒక దేశంగా లెక్కపెట్టలేదు. అబుధాబి, దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్మ్ అల్ కువైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా. ఏడింటినీ విడివిడిగా రాశారు. అవి కలిసి ఒక దేశమైంది 1971 డిసెంబరులో. రస్ అల్ ఖైమా అయితే 1972లో వచ్చి చేరింది. అంతకుముందు దేని షేక్ దానికే.

బాపు ఆ ఏడింట్లోనూ టిప్పర్ నడిపాడు.

2006లో హెల్పర్‌గా పోయాడు. రెండేళ్ల తర్వాత పెద్ద బండి లైసెన్స్ తీసుకున్నాడు. అప్పటినుంచి 2019లో ఇంటికొచ్చేదాకా ఒకటే పని, కంకర తోలడం. దుబాయ్ అంటే మనకు ఇసుకే గుర్తొస్తుంది గానీ, ఆ దేశానికి తూర్పున హజర్ కొండలున్నాయి. ఫుజైరా, రస్ అల్ ఖైమాల్లో ఆ కొండల దగ్గర రాయి కొట్టే క్వారీలు. అక్కడ లోడు ఎత్తి దుబాయ్‌లో, షార్జాలో, ఒక్కోసారి అబుధాబిలో కట్టే బిల్డింగుల దగ్గర దింపాలి. రస్ అల్ ఖైమాలో బండి కదిలిస్తే ఉమ్మ్ అల్ కువైన్, అజ్మాన్, షార్జా దాటి దుబాయ్ వస్తుంది. వంద కిలోమీటర్లు, అటూ ఇటూ. సెంచరీ క్లబ్ లెక్కలో ఒక్క ట్రిప్పులో ఐదు దేశాలు!

ఇంకా ఉన్నాయి. ఒకసారి ఒమన్‌లోని సొహార్ దాకా పంపారంట. ఒకసారి ఇంటికొచ్చేటప్పుడు టికెట్ చవక అని బహ్రెయిన్ మీదుగా వచ్చాడు, ఎయిర్‌పోర్టులో తొమ్మిది గంటలు కూర్చున్నాడు. విమానం ఆగినా లెక్కే కదా. అంటే ఏడు, ఒకటి, ఒకటి. ఇండియాను కలపకుండానే మా బాపుకు తొమ్మిది. ఆరోజు మన పటం మీద పిన్నులు గుచ్చినవాళ్లలో ఎక్కువ అంకె ఎంతో తెలుసా? నాలుగు.

బీరువాలో రబ్బరు బ్యాండ్ వేసి ఉన్న రెండు పాత పాస్‌పోర్టులు తీసి చూశాను. అందులో ఆ ఏడూ లేవు. ఎమిరేట్ల మధ్య గేటు లేదు, ముద్ర వేసేవాడు లేడు. మన జిల్లాలు దాటినట్టే దాటిపోవడమే. కానీ మొదటి పాస్‌పోర్టు మీద ఇంకో ముద్ర ఉంది. ఈసీఆర్. పదో తరగతి పాస్ కానివాళ్లకు వేసే ముద్ర అది. 1983 నాటి వలస చట్టం కింద, ఆ ముద్ర ఉన్నవాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి. ఏజెంట్ల మోసాల నుంచి కాపాడటానికే పెట్టారు, కాదనను. కానీ ఆ మూడక్షరాలు చూసినప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, మనం బయల్దేరకముందే మనకు రెండు లైన్లు ఉన్నాయి. ఒకటి చూడబోయేవాళ్ల లైను, ఇంకొకటి పనికి పోయేవాళ్ల లైను. నా తలలో ఉన్న రెండు డబ్బాలు నేనొక్కడినే తయారుచేసుకున్నవి కావు.

ఇక్కడ మా రూమ్మేట్ అడ్డం తగిలాడు. “పనికి పోవడం ట్రావెల్ ఎట్లా అవుతుందిరా? ఇష్టపడి పోతేనే కదా ట్రావెల్.” మంచి ప్రశ్నే. కానీ సెంచరీ క్లబ్ రూల్స్‌లో ఎందుకు పోయావని ఎక్కడా అడగరు. మీటింగుకు పోయిన మేనేజర్‌కూ లెక్కే, ఓడ మీద పనిచేసినవాడికీ లెక్కే. మన సంగతే చూడండి. ఆన్‌సైట్‌కు పోయిన అన్న డల్లాస్ నుంచి ఫొటో పెడితే ‘ఫారిన్‌లో ఉన్నాడు’ అంటాం. అతనూ కంపెనీ పంపితేనే పోయాడు, జీతం కోసమే పోయాడు. అక్కడ ఏసీ గదిలో కూర్చుంటే ఫారిన్, ఇక్కడ టిప్పర్ క్యాబిన్‌లో కూర్చుంటే వలస. తేడా పనిలో లేదు, మన చూపులో ఉంది.

అలా అని రెండూ ఒకటే అనేసి వ్యాసం ముగించడం కూడా అబద్ధమే అవుతుంది. బాపును ఫోన్లో అడిగాను. ఫుజైరా ఎట్లుంటది బాపూ అని. ఆయన చెప్పింది ఇది:

“ఎట్లుంటదంటే ఏం జెప్పాలె బిడ్డా. రోడ్డుకు ఒకదిక్కు గుట్టలు, గడ్డిపోస మొలవదు. గుట్ట దిగంగనే సముద్రం గనవడ్తది. రోజూ గనవడేది. దిగుడెక్కడిది? లోడు టైముకు దింపాలె. పొద్దున, పొద్దుమూకి ట్రక్కులను సిటీలకు రానియ్యరు, ఆ టైము తప్పితే రోడ్డు మీదనే ఆగుడు. ఒక్కసారి మసాఫీ కాడ టైరు పగిలింది. మెకానిక్ వచ్చేదాక మూడు గంటలు. ఆడ రోడ్డుకు రెండు దిక్కుల కార్పెట్లు, పండ్లు అమ్ముతరు. గప్పుడు దిగి నడిశిన. ఒక పఠాను అంజీర పండ్లు వెట్టిండు, పైసలు దీస్కోలె. గంతే నేను జూసింది.”

మసాఫీ దగ్గరి ఆ బజారును శుక్రవారం మార్కెట్ అంటారు, వారమంతా నడుస్తుంది. టూరిస్టు బస్సులు ఆగే చోటే. బాపు దాని ముందు నుంచి ఎన్ని వందలసార్లు పోయి ఉంటాడో. దిగింది మాత్రం ఒక్కసారి, అదీ టైరు పగిలితే.

నాకు తేడా దొరికింది ఇక్కడ. ఎన్ని చోట్ల కాలు పెట్టావన్నది కాదు, నీకు నచ్చిన చోట బండి ఆపుకునే హక్కు ఉందా లేదా అన్నదే. ఆ హక్కుతో కొలిస్తే బాపు పదమూడేళ్లలో చూసింది మూడు గంటలు. అదే కొలతతో చూస్తే, విమానం పెట్రోలు పోసుకుంటుంటే కిటికీలోంచి చూసి జాబితాలో టిక్కు పెట్టుకున్న పెద్దమనిషి చూసిందీ ఏమంత ఎక్కువ కాదు. ఆయన ఆగగలిగీ ఆగలేదు. బాపు ఆగాలనుకున్నా ఆగలేకపోయాడు. వంద కొట్టడానికి తొందరపడే మన క్లబ్ మిత్రులు ఈ రెంటి మధ్య ఉన్న తేడాను ఒక్కసారి ఆలోచించాలని నా మనవి.

ఆపుకునే హక్కు డబ్బుతోనే రాదు, పాస్‌పోర్టుతో కూడా వస్తుంది. ఓటర్ కార్డు చూపించి నేపాల్ పోవచ్చు, బాగుంది. యూరప్ పోవాలంటే షెంగెన్ వీసా కావాలి. ఫీజు 90 యూరోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, తిరిగొస్తాననే రుజువులు. వీసా రాకపోతే ఫీజు వెనక్కి రాదు. వస్తే మాత్రం ఒక్క స్టిక్కర్‌తో 29 దేశాలు. బలమైన పాస్‌పోర్టు ఉన్నవాడి వందా, మన వందా కాగితం మీద ఒకటే అంకె. ఎక్కిన మెట్లు మాత్రం ఒకటి కావు. కాబట్టి రిజిస్టర్‌లో 100 రాసిన ఆ మిత్రుడికి నా శుభాకాంక్షలు నిజంగానే. కానీ సున్నా దగ్గర ఉన్నవాళ్లను చూసి ‘వీళ్లకు ఆసక్తి లేదు’ అని మాత్రం అనుకోవద్దు.

సున్నా అంటే గుర్తొచ్చింది. తెలుగులో యాత్రల గురించి మాట్లాడితే మొదట చెప్పుకునే పేరు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మేలో మద్రాసులో బయల్దేరి, పదిహేను నెలలకు పైగా తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. దేశాల లెక్కలో ఆయనకు వచ్చేది సున్నా. కానీ ఆ పుస్తకంలో ఏ మజిలీలో నీళ్లు ఎట్లా ఉంటాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ దారి బాగుంది, ఏ ఏరు ఎట్లా దాటాలి, అక్కడి మనుషులు ఎట్లా బతుకుతున్నారు అన్నీ ఉంటాయి. తరవాత వచ్చేవాడికి పనికొస్తుందని రాసినట్టు ఉంటుంది.

బాపు మాట్లాడేదీ అట్లాగే ఉంటుంది. ఏ బంకులో బాత్రూం శుభ్రంగా ఉంటుందో, ఏ మలుపులో మంచు కమ్మి బండ్లు గుద్దుకుంటాయో, ఎండాకాలం టైర్లలో గాలి ఎంత పెట్టాలో, ఏ క్యాంపు దగ్గర మన తెలుగు వాళ్ల మెస్ ఉండేదో, శుక్రవారం పప్పుచారు ఎంతో. ఆయనకు బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లని తెలియదు. అలాంటి బిల్డింగు కింద ఎంత కంకర పడుతుందో తెలుసు. వీరాస్వామికి ఆగే వీలుంది, రాసే చదువుంది. బాపుకు రెండూ లేవు. అందుకే ఆ పదమూడేళ్ల యాత్ర మా ఇంట్లో మాటలుగానే మిగిలింది. ఆ మాటలను కూడా నేను ‘లేదక్కా’ అని ఒక్క ముక్కలో కొట్టేశాను.

ఇక నేను చెప్పదలచుకున్నది. పటం తీసేయమని అనను. ఎర్ర పిన్నులు అట్లాగే ఉంచుదాం. పక్కన నీలం పిన్నుల డబ్బా ఒకటి పెడదాం. పనికోసం పోయినవాళ్లకు అవి. మన నాన్నలు, మేనమామలు, అన్నలు. నర్సులుగా కువైట్ పోయిన అక్కలు, ఇళ్లల్లో పనికి పోయిన అమ్మలు. మన కాలేజీలోనే చూడండి, మెస్‌లో పెసరట్టు వేసే అన్న ఖతర్‌లో నాలుగేళ్లు వంట చేసొచ్చాడు. రాత్రి గేటు దగ్గర వాచ్‌మన్ తాత షార్జాలో కూడా వాచ్‌మనే. ఇవి నేను ఈ నెలలో ఊరికే అడిగితే తెలిసినవి. ఇన్నాళ్లూ ఎవరం అడగలేదు.

రిజిస్టర్‌లో ‘ఎన్ని?’ అన్న కాలమ్ పక్కన ఇంకో కాలమ్ గీద్దాం. ‘ఎక్కడ ఆగావు, అక్కడ ఏం చూశావు?’ బ్యాంకాక్ పోయొచ్చినవాళ్లూ దాన్ని నింపాలి, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లూ నింపాలి. రాయడం రాని పెద్దవాళ్లకు మనం రాసిపెడదాం. మన లిటరరీ క్లబ్‌కు ఇంతకన్నా మంచి పనేముంది? నెలకు ఒకటి ఈ పత్రికలో వేసినా ఏడాదికి పన్నెండు. వాళ్ల మాట వాళ్ల యాసలోనే, దిద్దకుండా వేద్దాం. ట్రావెల్ క్లబ్ వాళ్లతో మాట్లాడాను. ఆ అక్కతోనే. జరిగింది చెప్పి, ఆరోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మా పెద్దనాన్న మస్కట్‌లో ఉండేవాడు. నేను కూడా పిన్ను పెట్టలేదు” అంది. నీలం పిన్నులు వచ్చే వారం వస్తాయి.

మొన్న ఇంటర్నల్స్ అయ్యాక ఊరికి పోయినప్పుడు బాపుకు ఈ లెక్కంతా వేళ్ల మీద చెప్పాను. నువ్వు తొమ్మిది దేశాలు చూశావు బాపూ, అమెరికాలో దీనికి క్లబ్ ఉంది అంటే, “తొమ్మిదా!” అని అమ్మ వైపు తిరిగి ఒకటే నవ్వు. నాకు జాబ్ వచ్చినంక ఇద్దరం ఫుజైరా పోదాం, ఈసారి లోడు ఉండదు, సముద్రం దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు అన్నాను.

కాసేపు ఆలోచించాడు.

“మల్లా ఆడికా? గంత దూరమెందుకు బిడ్డా. అమ్మను, నన్ను ఒక్కసారి కాశీకి తీస్కవో. ఆడ నాలుగొద్దులు ఉందాం, తొందరలేకుంట.”

కాశీ పోతే అంకె పెరగదు. అయినా టికెట్లు చూస్తున్నాను.